రామేశ్వరానికి చేరాల్సిన చెంబు

మా అపార్ట్‌మెంట్‌లో తీర్థయాత్రలకు ముహూర్తం పెట్టేది అమెరికా వాళ్లు. నవంబరు నెలాఖరున ఒక గురువారం వాళ్లు పండుగ చేసుకుని, కుటుంబాలతో కూర్చుని పెద్ద కోడిని కోసుకు తింటారు. శుక్రవారం అది అరిగేదాకా లేవరు. ఆ రెండు రోజులూ హైదరాబాదులో నల్లగండ్ల నుంచి రాయదుర్గం దాకా సాఫ్ట్‌వేరు వాళ్లకు అమెరికాతో సాయంత్రం మీటింగులు ఉండవు. శని, ఆదివారాలు కలుపుకుంటే ఇంత పెద్ద పుణ్యకాలం మన పంచాంగంలో ఎక్కడా దొరకదు. అందుకని మా బ్లాకు సంఘం అధ్యక్షులవారు రామేశ్వరం యాత్రకు ఆ తేదీలే ఖాయం చేశారు.

ఆయనది గుంటూరు వైపు. ఒక కంపెనీలో మేనేజరు. ఆయన చేతిలో పడితే ఏదైనా ప్రాజెక్టే. వినాయకుడి నిమజ్జనానికి కూడా ఆయన తయారు చేసే ఫైల్లో ‘రిస్కులు’ అని ఒక పేజీ ఉంటుంది. రామేశ్వరానికీ ఉంది. కోతులు, అజీర్ణం, గైడ్లు, చెప్పులు పోవడం అన్నీ రాశారు. వాన గురించి రాయలేదు. హైదరాబాదులో నవంబరు అంటే స్వెట్టరు తీసి ఎండలో వేసే నెల. దేశమంతటా అంతే అనుకున్నారు.

నేను సాధారణంగా ఇలాంటి గుంపుల్లో కలవను. గచ్చిబౌలిలో నా ఉద్యోగం, సాఫ్ట్‌వేరును ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం. ఇంజినీర్లు ‘అద్భుతమైన’, ‘అత్యంత సులభమైన’ అని రాసి పంపుతారు. నేను ఆ మాటలు తీసేస్తాను. మిగిలేది చాలాసార్లు ఒకటే వాక్యం. ఇరవై ఏళ్లుగా అదే పని చేయడం వల్ల భక్తి యాత్రల కరపత్రాలు చదవడం కూడా కష్టమైపోయింది. అయినా ఈసారి నా పేరూ మా ఆయన పేరూ ఇచ్చాను. కారణం మా పూజ అలమరలో ఉన్న చెంబు.

అది కాశీలో దొరికే చిన్న రాగి చెంబు. లోపల గంగ, పైన కదలకుండా అతికేసిన మూత. మా అత్తయ్య కొన్నేళ్ల కింద అక్కచెల్లెళ్లతో కాశీ వెళ్లినప్పుడు అలాంటివి ఒక సంచి నిండా తెచ్చారు. సమారాధన చేసి, వచ్చిన వాళ్లందరికీ భోజనం పెట్టి, తలా ఒక చెంబు, ఒక కాశీ దారం ఇచ్చి పంపారు. ఒక్క చెంబు మాత్రం ఉంచేశారు. కాశీ నుంచి తెచ్చిన గంగను రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయించాలి. అప్పుడే కాశీయాత్ర పూర్తయినట్టు. మోకాళ్లు సహకరించాక వెళ్దామనుకున్నారు. మోకాళ్లు సహకరించేలోపు వేరే జబ్బు వచ్చింది.

మా అత్తయ్య కోనసీమ మనిషి. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. డిటెక్టివ్ నవలలు, పురాణాలు ఒకే అనుమానంతో చదివేవారు. ఎవరైనా కళ్లొత్తుకుంటూ మాట్లాడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారు. ఆవిడా నేనూ కలిసి ఉన్న అన్నేళ్లలో ఒకరి మీద ఒకరికి ఉన్న ఇష్టాన్ని ఎప్పుడూ బయటికి చెప్పుకోలేదు. పుస్తకాలు మార్చుకున్నాం.

ఆస్పత్రిలో చివరి వారం ఆవిడ మా ఆయననూ నన్నూ పిలిచి ఒక సూచన ఇచ్చారు.

“నా నోట్లో పొయ్యడానికని ఆ చెంబు విప్పేరు సుమా. అది నాది కాదు, రామేశ్వరానిది. మీరు తాగే ఆ ఫిల్టరు నీళ్లే పొయ్యండి. నాకేం పట్టింపు లేదు.”

మా ఆయన “సరేనమ్మా” అన్నాడు. రెండు రోజుల తర్వాత, పోయే ముందు, ఆస్పత్రి కింద కొట్లో కొన్న సీసాలోంచి ఒక చెంచాడు నీళ్లు పోశాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ అలమర వైపు చూడలేదు. ఏడాది లోపల యాత్రలు చేయకూడదన్నారు కాబట్టి చెంబు గురించి ఎవరూ అడగలేదు. సంవత్సరీకం అయ్యాక నేనే అడిగాను.

“ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి చెంబు పంపితే వాళ్లే అభిషేకం చేయించి వీడియో పెడతారట,” అన్నాడు.

పూజకు వీడియో, ప్రసాదానికి కొరియరు. చేతులు తడవకుండా పుణ్యం వచ్చే పద్ధతి ఇంత దగ్గరలో ఉండగా మా అత్తయ్య అనవసరంగా మోకాళ్ల గురించి బెంగపడ్డారు. యాత్ర జాబితాలో రెండు పేర్లు రాసి వచ్చాను.

మా కింది అంతస్తు పెద్దమ్మ కూడా వచ్చింది. ఆమె నల్లగండ్ల ఊరి మనిషే. మా లిఫ్టు ఉన్న చోట ఒకప్పుడు వాళ్ల జొన్న చేను ఉండేదట. సాయంత్రాలు ఆమె, మా అత్తయ్య నడక దారిలో బెంచీ మీద కూర్చుని, వదినా అని పిలుచుకుంటూ, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమవుతూ గంటలు గడిపేవారు. విమానాశ్రయంలో ఆమె నన్ను చూసిన వెంటనే అడిగిన మాట, “సెంబు యాడుంది బిడ్డా?”

“పెద్ద సూట్‌కేసులో, అత్తయ్య నేత చీరలో చుట్టి పెట్టాను.”

“మంచిగుంది. వదినకు ఇమానం ఎక్కుడు భయముండె. గంగను ఎక్కిచ్చినవ్.”

మదురై నుంచి టెంపో ట్రావెలర్. ఊరు దాటగానే చినుకులు మొదలయ్యాయి. అధ్యక్షులవారు డ్రైవరు పక్క సీట్లో వెనక్కి తిరిగి కూర్చుని, రామేశ్వరం కథ చెప్పారు. రాముడు లింగం తెమ్మని హనుమంతుణ్ణి కైలాసానికి పంపాడు. ఆయన ఆలస్యం చేశాడు. ముహూర్తం దాటిపోతుందని సీతమ్మ ఇసుకతో లింగం చేసింది. రాముడు దానికే పూజ చేశాడు. తర్వాత వచ్చిన హనుమంతుడు చిన్నబుచ్చుకుంటే, నువ్వు తెచ్చిన లింగానికే ముందు పూజ జరుగుతుందని మాటిచ్చాడు.

“ఇందులో మనం నేర్చుకోవలసింది ఏంటండీ? టీములో ఎవరినీ డీమోటివేట్ చేయకూడదు.”

పెద్దమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండా అంది. “ఆలస్యం జేసినోనికి ముందు పూజ. టైముకు జేసిన ఆడామె పేరే లేదు. గిదేనా నేర్సుకునేది?”

అధ్యక్షులవారి భార్య దుపట్టా అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన డ్రైవరును పాటలు పెట్టమన్నారు.

రామేశ్వరం దీవికి వెళ్లే పాంబన్ వంతెన మీద అందరం దిగాం. ఆపకూడదని బోర్డు ఉంది. అందరూ ఆపారు కాబట్టి మేమూ ఆపాం. రెండు వైపులా సముద్రం బూడిద రంగులో ఉంది. కింద పడవలన్నీ ఒక మూలకు చేర్చి కట్టేసి ఉన్నాయి. పక్కన రైలు వంతెన. గాలికి దుపట్టాలు మొహాలకు చుట్టుకుని ఒక్క ఫోటో కూడా సరిగా రాలేదు. “వెదర్ సూపర్‌గా ఉందండీ,” అన్నారు అధ్యక్షులవారు. ఆయన పుట్టింది సముద్రానికి గంట దూరంలో. మా ఆయన పుట్టింది ఇంకా దగ్గర. చిన్నప్పుడు కార్తీక మాసంలో రేడియో పక్కన కూర్చుని తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో వినే ఇళ్లు అవి. ఆ కబుర్లు నాకు అత్తయ్య చెప్పారు. హైటెక్ సిటీలో పదేళ్లు ఏసీలో కూర్చుంటే అదంతా పోతుంది కాబోలు. కట్టేసిన పడవలను చూసి ఇద్దరిలో ఒక్కరికీ ఏమీ అనిపించలేదు. వికారాబాదు వైపు మనిషిని, నాకు అనిపించకపోవడంలో వింత లేదు.

శుక్రవారం పొద్దున తీర్థ స్నానాలు. మొదట సముద్రంలో మునగాలి. ఆ రోజు అలలు పెద్దవిగా ఉండడంతో మెట్ల మీద కూర్చుంటే సముద్రమే వచ్చి ముంచి వెళ్లింది. తర్వాత గుళ్లో ఇరవై రెండు బావులు. ఒక్కో బావి గట్టు మీద ఒక మనిషి నిలబడి, బకెట్టుతో తోడి, వరసలో ఉన్నవాళ్ల నెత్తిన పోస్తాడు. ఒక బావి దగ్గర మన పాపం పోతుంది, ఇంకో బావి దగ్గర శాపం పోతుంది. పైనుంచి వాన పడుతూనే ఉంది. తడిసిన వాళ్లను తడపడానికి మేము బారులు తీరి, జారే రాళ్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తాం. ఫోన్లు లోపలికి తేనివ్వరు కాబట్టి అధ్యక్షులవారు ఏ బావి అయిందో వేళ్ల మీద లెక్క పెట్టుకున్నారు. మధ్యలో ఎక్కడో తప్పింది. “ఒకటి మిస్సయ్యామండీ,” అని అందరినీ వెనక్కి తిప్పబోయారు.

“ఏ పాపం మిగిలిందో మీరే ఉంచుకోండ్రి సారూ,” అంది పెద్దమ్మ. “నాకు సలి పెడ్తంది.”

మధ్యాహ్నం ధనుష్కోడి. ఎప్పుడో తుఫానులో కొట్టుకుపోయిన ఊరు. పైకప్పు లేని చర్చి గోడలు, ఇసుకలో కూరుకుపోయిన రైల్వే స్టేషను రాళ్లు మిగిలాయి. ఆ గోడకు ఆనుకుని మా వాళ్లు వరసగా నవ్వారు. భూమి ఆగిపోయే చోట రెండు సముద్రాలు కలుస్తాయని, ఒకటి మగది, ఒకటి ఆడది అని గైడు చెప్పాడు. రెండూ ఆ రోజు ఒకేలా కొట్టుకుంటున్నాయి. చివరి దాకా వెళ్లనివ్వకుండా పోలీసులు తాడు కట్టారు. ఇసుక ఎగిరి ఒంటికి సూదుల్లా తగిలింది. మా ఆయన తాడు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఏం చూస్తున్నావంటే “ఏమీ లేదు,” అన్నాడు. నిజంగానే ఏమీ లేదు. నీళ్లు.

వెనక్కి వస్తుండగా బండిలో ఫోన్లన్నీ ఒక్కసారి బర్రుమని మోగాయి. ప్రభుత్వం పంపిన హెచ్చరిక. తమిళంలో ఉంది. జావా, పైథాన్ చదవగలిగిన వాళ్లు బండినిండా ఉన్నారు. ఒక్కరూ తమిళం చదవలేకపోయారు. అధ్యక్షులవారు ఏదో బట్టల షాపు ఆఫరు అని తీర్మానించి చెరిపేశారు. డ్రైవరు తన ఫోను చూసుకుని, బండి ఒక పక్కకు ఆపి, చేతులతో గాలిని, నీటిని, వంతెన మూసేయడాన్ని నటించి చూపించాడు.

లాడ్జి భోజనాల హాల్లో మీటింగు పెట్టారు.

“రేపు పొద్దున నుంచి గాలి పెరుగుతుందంటండీ. వంతెన ఎప్పుడు మూస్తారో చెప్పలేం. తెల్లవారగానే మదురై వెళ్లిపోవడం సేఫ్. అందరూ ఓకేనా?”

నేను చెయ్యెత్తాను. “గంగాభిషేకం రేపు పొద్దున ఎనిమిది తర్వాత అన్నారు.”

“తెలుసు మేడం. బాధగానే ఉంది. పోనీ ఇక్కడే గుడి ఆఫీసులో చెంబు ఇచ్చేసి వెళ్తే? వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పోసేస్తారు కదండీ.”

“ఎప్పుడో ఒకప్పుడు అంటే, మేము ఇంట్లోనే ఉంచేవాళ్లం కదా సార్.”

మా ఆయన నా మోచేతి మీద చెయ్యి వేశాడు. “ఇంకోసారి వద్దాంలే.”

“నువ్వు వెళ్లు. నేనూ పెద్దమ్మా ఉంటాం.”

నేను ముందుగా అడగకుండానే ఆమె పేరు చెప్పాను. ఆమె పెరుగన్నం కలుపుతూ తలెత్తలేదు. “నువ్వు పో కొడుకా, ఫికర్ జెయ్యకు. గాలికి ఎగిరిపోయేటంత సన్నగ లేము మేము. సెంబు గిట్ల నీ బ్యాగుల ఏసుకపోతనంటే మాత్రం కాళ్లిరగ్గొడ్త.”

గదికి వచ్చాక మా ఆయన మంచం మీద కూర్చుని, విప్పిన సూట్‌కేసు వైపు చూశాడు. నేత చీరలోంచి చెంబు మూత కనిపిస్తోంది.

“ఆ రోజు ఒక్క చుక్క పొయ్యనివ్వలేదు,” అన్నాడు. “అందరి అమ్మల నోట్లోనూ గంగ పోస్తారు. మనింట్లో గంగ పెట్టుకుని మా అమ్మకి కొట్లో నీళ్లు పోశాను. అది రామేశ్వరానిది అంది. కొడుక్కి ఇవ్వనిది ఆ రాయికి నేనెందుకు మోసుకొచ్చి పొయ్యాలి?”

అతను ఏడాదిగా ఆ చెంబు ఊసెత్తకపోవడాన్ని నేను బద్ధకం అనుకున్నాను, పని ఒత్తిడి అనుకున్నాను, మగవాళ్ల మతిమరుపు అనుకున్నాను. వాటన్నిటికీ తగిన వెటకారాలు కూడా సిద్ధం చేసుకున్నాను. అత్తయ్య ఉంటే, “ఇచ్చిన మాట ఇచ్చిన మాటే, అందులో నా నోరేం ప్రత్యేకం,” అనేవారేమో. ఆవిడ మాటలు నేను చెప్తే బాగుండదు. అలారం పెట్టి పడుకున్నాను.

తెల్లవారి టెంపో ట్రావెలర్ వెళ్లిపోయింది. అధ్యక్షులవారు బండి కిటికీలోంచి మా గది వైపు చూసి “జాగ్రత్తండీ, లొకేషన్ షేర్ చేస్తూ ఉండండి,” అని అరిచారు. నేను కిందికి వచ్చి చూస్తే మా ఆయన లాడ్జి గుమ్మంలో పంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“వెళ్లలేదా?”

“నా సీట్లో ఆయన భార్య కొన్న శంఖాల అట్టపెట్టె పెట్టారు.”

ఆ పెట్టె ఒళ్లో పెట్టుకునేంతది. పెద్దమ్మ అతన్ని కింది నుంచి పై దాకా చూసి, “పంచె జర గట్టిగ కట్టుకో, గాలున్నది,” అంది.

గుడి దారిలో కొట్లన్నీ సగం షట్టర్లు దించి ఉన్నాయి. పేరు పొందిన ఆ పొడవాటి మండపం, ఎప్పుడూ జనంతో కిక్కిరిసి ఉంటుందని అందరూ చెప్పే మండపం, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఖాళీ. స్తంభాల గురించి కరపత్రంలో చాలా విశేషణాలు ఉన్నాయి. స్తంభాలు ఉన్నాయి. వాన చప్పుడు ఉంది. అంతకంటే రాయడానికి లేదు.

కౌంటరులో కూర్చున్న పెద్దాయన యాత్రికుల తెలుగు మాట్లాడతాడు. గోత్రం, పేరు, నక్షత్రం అడిగాడు. మా ఆయన గోత్రం చెప్పి, తల్లి పేరు చెప్పాడు. నక్షత్రం తెలియక నా వైపు చూశాడు. నేను చెప్పాను.

“అమ్మగారు వచ్చారా?”

“లేరు.”

“లాడ్జిలో ఉన్నారా?”

“లేరండి.”

పెద్దాయన పెన్ను కింద పెట్టాడు. “పోయిన వాళ్లకి సముద్రం దగ్గర చేస్తారు. ఇక్కడ అభిషేకం బ్రతికున్న వాళ్ల పేరుతోనే. మీ పేరు చెప్పండి.”

“ఆవిడ తెచ్చిన నీళ్లు. నేను తేలేదు.”

“అయినా మీ పేరే చెప్పాలి.”

“వద్దు. అయితే వద్దు.” మా ఆయన చెంబు వెనక్కి తీసుకోబోయాడు. ఇరవై నాలుగు గంటలూ కోట్ల మంది వాడే యాప్‌ను కూలకుండా నిలబెట్టే మనిషి, కౌంటరు ముందు పెదవి బిగించి చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. వెనక ఎవరూ లేరు కాబట్టి తోసేవాళ్లు కూడా లేరు.

పెద్దమ్మ ముందుకు జరిగింది. “అయ్యా, కుటుంబం అని రాస్తరా లేదా మీరు?”

“రాస్తాం. సకుటుంబం అని.”

“గదే రాయి. గా కుటుంబంల ఎవరున్నరో, ఎవరు లేరో శివునికి తెల్వదా?”

పెద్దాయన పెన్ను మళ్లీ తీసుకుని, మా ఆయన పేరు రాసి, పక్కన సకుటుంబం అని రాశాడు. మా అత్తయ్య జీవితంలో ఎప్పుడూ ఎవరి పేరు పక్కనా నిలబడి లోపలికి వెళ్లిన మనిషి కాదు. ఆ రోజు అలా వెళ్లారు.

మూత తీయడానికి లోపల ఒక అర్చకుడు కత్తి మొనతో చాలాసేపు కుస్తీ పట్టాడు. కాశీ పనివాళ్లు దాన్ని ఎవరూ తీయకూడదనే అతికించినట్టున్నారు. చివరికి మూత వంకరపోయి ఊడింది. మేము దూరం నుంచి చూశాం. దీపాల పొగ, నలుగురైదుగురి వీపులు. మా కంటే ముందు ఏదో మరాఠీ కుటుంబం తెచ్చిన గంగ, తర్వాత మాది. ఎప్పుడు ఏది పోశారో సరిగా కనిపించలేదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన పని తలుపు పక్కన నిలబడి మెడ సాచేలోపు అయిపోయింది. గంట కూడా ప్రత్యేకంగా కొట్టలేదు.

అభిషేకం చేసిన నీళ్లలో కొన్ని అదే చెంబులో పట్టి తిరిగి ఇచ్చారు. తీర్థం, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు.

మండపంలోకి వచ్చాక మా ఆయన ఒక అరుగు మీద కూర్చుని మూత పెట్టబోయాడు. వంకరపోయింది కాబట్టి పట్టలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నేను చీర చెంగు చింపి కడదామనుకున్నాను. అతను మూత పక్కన పెట్టి, రెండు చేతులతో చెంబు ఎత్తి తాగాడు. ఒక గుక్క తాగి ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. తల వెనక్కి వంచి, కళ్లు మూసుకుని తాగాడు. గడ్డం మీద నుంచి కారిన నీళ్లను చేత్తో తుడిచి, ఆ చేతిని నాలుకకు రాసుకున్నాడు.

పెద్దమ్మ తీర్థానికి కుడి చెయ్యి చాచి నిలబడి ఉంది.

“మొత్తం తాగినవా కొడుకా?”

“తాగేశాను పెద్దమ్మా.”

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని చెంగుకు తుడుచుకుంది. “మంచిగ జేసినవ్,” అంది.

నాకు కూడా ఒక్క చుక్క మిగల్చలేదు. అడగాలనిపించలేదు.